మేయర్ ఎవరో చెప్పి ఓటడగండి

సంపాదకులకు నమస్కారం.

విశాఖ నగర పాలకమండలి ఐదేళ్ల గడువు 2026 మార్చి వరకే. కొత్త ఎన్నికల పోటీ అప్పుడే వీధుల్లోకి వచ్చేసింది. కార్తీక మాసంలో మా చుట్టుపక్కల జరిగిన వనభోజనాల్లో చాలావాటికి ఖర్చు పెట్టుకున్నది కార్పొరేటర్ టికెట్ ఆశిస్తున్నవాళ్లే. గోపాలపట్నం నుంచి ఎన్‌ఏడీ జంక్షన్ దాకా ఎటు చూసినా వాళ్ల ఫ్లెక్సీలు. పైన గుండ్రటి చట్రాల్లో పార్టీ పెద్దలు, మధ్యలో చేతులు జోడించిన ఆశావహుడు, కింద వరసగా కుర్రాళ్ల ఫొటోలు. పుట్టినరోజైనా, అయ్యప్ప పడిపూజైనా అదే బొమ్మ. వీటిలో ఒక్కదాని మీదైనా 'మేయర్ పదవికి మా పార్టీ నిలబెట్టే మనిషి ఫలానా' అని లేదు. నామినేషన్లు పడ్డాక కూడా ఉండదేమోనన్నది నా బెంగ. అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదయినా దయచేసి కత్తిరించకుండా వేయండి.

నేను బళ్లో టీచరుగా చేరి హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. ఏ పార్టీలోనూ సభ్యత్వం లేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎలక్షన్ డ్యూటీ పడుతూనే ఉండేది. 2021 మార్చి 10న జరిగిన కార్పొరేషన్ పోలింగ్‌కీ పడింది. కరోనా భయం ఇంకా పోలేదు. మాస్కులు, శానిటైజర్లు, బల్లల మధ్య ఎడం. ఓటింగ్ మెషీన్లు కాదు, బ్యాలెట్ పేపర్లు. మధ్యాహ్నం ఎండ ముదిరాక ఒక పెద్దావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. నేనిచ్చిన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, 'మేయరు కాగితం ఏదమ్మా?' అంది.

'ఇప్పుడు ఒకటేనమ్మా. కార్పొరేటర్‌కి వేస్తే చాలు' అన్నాను.

'ఎనకటికి రెండేసేం కదా. మరి మేయరుకి ఎవరేత్తారు?'

'గెలిచిన కార్పొరేటర్లు వేస్తారమ్మా.'

'అలాగైతే నేనేసినోడు ఎవరికేత్తాడో ముందర నాకు సెప్పాలి గదేటి?'

డ్యూటీలో ఉన్నదాన్ని, మాట పెంచకూడదు. ఆవిడ వెనక ఇంకా లైను ఉంది. కానీ ఆ ప్రశ్న ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఆవిడ జ్ఞాపకం తప్పు కాదు. మన ఊళ్లో మేయర్‌కి జనమే నేరుగా ఓటేసిన రోజులున్నాయి. 1995లో సబ్బం హరి గారు, 2000లో రాజాన రమణి గారు అలా మేయర్లయినవాళ్లే. 2000లోనే విజయవాడలో పంచుమర్తి అనురాధ గారు, 2002లో హైదరాబాద్‌లో తీగల కృష్ణారెడ్డి గారు కూడా ప్రజల ఓటుతోనే ఆ కుర్చీలో కూర్చున్నారు. ఒక ఓటు వార్డుకి, ఒక ఓటు నగరానికి. అప్పట్లో మేయర్ అభ్యర్థి జీపు మీద నిలబడి మా వీధి చివరిదాకా వచ్చేవారు. మనిషిని చూశాం, మాట విన్నాం, నచ్చితే వేశాం, లేదంటే మానేశాం. ఆ తర్వాత పద్ధతి మార్చేశారు. 2007 నుంచి మన దగ్గర మేయర్‌ని ఎన్నుకునేది కార్పొరేటర్లూ, వాళ్లతోపాటు ఓటు హక్కున్న ఎమ్మెల్యేలూ, ఎంపీలూ, ఎమ్మెల్సీలే. ఉత్తరప్రదేశ్‌లోనూ మధ్యప్రదేశ్‌లోనూ ఇప్పటికీ మేయర్‌కి జనమే ఓటేస్తున్నారు. లక్నో ఓటరుకి, ఇండోర్ ఓటరుకి ఉన్న వీలు విశాఖ ఓటరుకి లేదు.

2021లో ఏం జరిగిందో గుర్తు చేస్తాను. మేయర్ పదవి బీసీలకు రిజర్వయింది. తెలుగుదేశం పార్టీ పీలా శ్రీనివాసరావు గారిని మేయర్ అభ్యర్థిగా పోలింగ్‌కు ముందే ప్రకటించింది. ఆ ఒక్క విషయంలో వాళ్లను మెచ్చుకోవాలి. వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ ఎవరినీ ప్రకటించలేదు. ప్రచారమంతా వేరొకరి పేరు వినిపించింది. 98 వార్డుల్లో ఆ పార్టీకి 58, తెలుగుదేశానికి 30 వచ్చాయి. మార్చి 18న మేయర్ ఎన్నిక. ఆ వేళకి సీల్డ్ కవరు విప్పితే బయటికొచ్చిన పేరు గొలగాని హరి వెంకట కుమారి గారిది. ఆమె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. బీసీ మహిళ మేయర్ కావడం సంతోషమే. కానీ ఆ పార్టీకి ఓటేసిన లక్షలమందిలో ఆమెను మేయర్‌ని చేయడానికే వేశామని చెప్పగలిగినవాళ్లు ఎంతమంది? ఆమె సొంత వార్డులోనైనా ఉన్నారా? పెళ్లికొడుకు పేరు లేకుండా శుభలేఖలు పంచినట్టుంది ఈ వ్యవహారం.

మిగతా సగం ఇంకా బాధగా ఉంటుంది. 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. కార్పొరేటర్లు ఒకరి తర్వాత ఒకరు కండువాలు మార్చారు. మేయర్ మీద అవిశ్వాసం పెట్టాలంటే నాలుగేళ్లు నిండాలని చట్టంలో ఉంది కాబట్టి 2025 మార్చిదాకా ఆగారు. ఏప్రిల్ 19న ఓటింగ్. ఎక్స్ అఫీషియో సభ్యులతో, అంటే పదవి రీత్యా ఓటున్న ఎమ్మెల్యేలు, ఎంపీల వంటివారితో కలిపి మొత్తం 111 ఓట్లు. మూడింట రెండొంతులంటే 74 కావాలి. సరిగ్గా 74 పడ్డాయి. అంతకుముందు కొన్ని వారాలపాటు, ఓట్లు చేజారకుండా పార్టీలు తీసుకెళ్లిపోవడంతో, మన కార్పొరేటర్లు ఊళ్లోనే లేరు. కొందరు బెంగళూరు, కొందరు శ్రీలంక, కొందరు మలేషియా అని పత్రికల్లో చదివాం. ఎండాకాలం, నీటి ఎద్దడి మొదలయ్యే రోజులు. వార్డు సమస్య చెప్పుకోవాలంటే మనిషి దేశంలో లేడు. ఏప్రిల్ నెలాఖరుకి పీలా శ్రీనివాసరావు గారు మేయర్ అయ్యారు.

చూడండి, 2021లో పేరు చెప్పకుండా ఒక పార్టీ గెలిచింది, ఆ పార్టీ చివరి నిమిషంలో తేల్చిన మనిషి నాలుగేళ్లు మేయర్‌గా ఉన్నారు. పేరు చెప్పి ఓటడిగిన పార్టీ ఓడింది, ఓడిన పార్టీ అభ్యర్థి మళ్లీ ఎన్నిక లేకుండానే మేయర్ అయ్యారు. రెండూ చట్టప్రకారమే జరిగాయి. రెండిట్లోనూ ఓటరుతో పని పడలేదు. ఏ పార్టీ మంచిది, ఏది చెడ్డదని నేను తీర్పు చెప్పబోవడం లేదు. రేపు పార్టీలు అటూ ఇటూ అయినా ఇదే కథ నడుస్తుంది. నా గొడవల్లా ఓటరు గురించి.

మేయర్‌కి అధికారాలేం ఉన్నాయి, అంతా కమిషనర్ చేతిలోదే కదా, ఎవరైతే ఏమిటని కొందరంటారు. మా ఇంట్లోనే అంటారు. కమిషనర్ ఐఏఎస్ అధికారి, పనులు చేయించేది ఆయనే, నిజం. కానీ 4 వేల కోట్ల రూపాయలు దాటిన బడ్జెట్ ఆమోదం పొందాల్సింది కౌన్సిల్లోనే. ఆ సమావేశం నడిపేది మేయరే. ఏ అంశం ఎజెండాలోకి ఎక్కాలి, ఏది టేబుల్ ఎజెండాగా చివర్లో వచ్చి ఎవరూ చదవకుండా పాసవ్వాలి అన్నదాంట్లో మేయర్ మాట నడుస్తుంది. పదిమంది సభ్యుల స్టాండింగ్ కమిటీ చేతుల మీదుగా ఏడాది పొడవునా కాంట్రాక్టులు వెళ్తాయి. కాపులుప్పాడ డంపింగ్ యార్డుకి చెత్త ఎలా వెళ్లాలి, బీచ్ రోడ్డులో ఏ స్థలం ఎవరికి లీజుకివ్వాలి, ఏ గెడ్డ (వాగు) మీద ఎక్కడ కల్వర్టు కట్టాలి, ఇవన్నీ అక్కడే తేలతాయి. నిక్కచ్చిగా నిలబడి కమిషనర్‌ని ప్రశ్నించే మేయర్ ఉంటే ఒకలా, పార్టీ ఆఫీసు నుంచి ఫోన్ వస్తే గానీ నోరు మెదపని మేయర్ ఉంటే ఒకలా ఉంటుంది.

అసలు ఎన్నికైన మనిషే లేకపోతే ఎలా ఉంటుందో మన ఊరు చూసినంతగా మరే ఊరూ చూసి ఉండదు. 2007లో ఎన్నికైన పాలకమండలి గడువు 2012లో అయిపోయింది. మళ్లీ ఎన్నిక జరిగింది 2021లో. భీమిలి, అనకాపల్లి విలీనమన్నారు, వార్డుల విభజన అన్నారు, కోర్టు కేసులన్నారు. గడువు తీరకముందే ఎన్నిక జరపాలని రాజ్యాంగంలో రాసి ఉంది. అయినా తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారుల పాలనలోనే గడిపాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది ఆ మధ్యలోనే. విశాఖలో ఆ రోజున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. చెట్లన్నీ పడిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లు లేవు, పాల ప్యాకెట్ కోసం కిలోమీటర్లు నడిచాం. అధికారులు పగలూ రాత్రీ పనిచేశారు. ముఖ్యమంత్రి ఊళ్లోనే మకాం వేశారు. వాళ్ల కష్టాన్ని తక్కువ చేయను. కానీ ఏ సందులోకి లారీ పట్టదో, ఏ ఇంట్లో మంచం దిగలేని ముసలివాళ్లున్నారో, నీళ్ల ట్యాంకరు ఏ మలుపులో ఆగితే నాలుగు వీధులకూ అందుతుందో బయటినుంచి వచ్చిన ఆఫీసరుకి ఎలా తెలుస్తుంది? వార్డులో ఓట్లడిగి తిరిగిన మనిషికి తెలుస్తుంది. అలాంటి మనిషి ఊరు మొత్తంలో ఒక్కరు కూడా పదవిలో లేని సమయంలో ఊరి మీద అంత పెద్ద గాలివాన పడింది.

రెండోసారి మా పక్కనే. 2020 మార్చి 23న జరగాల్సిన పోలింగ్‌ని కరోనా కారణంగా మార్చి 15న వాయిదా వేశారు. మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరిన్ అనే విషపు ఆవిరి బయటికొచ్చింది. పన్నెండుమంది పోయారు. నిద్రలోంచి లేచి పరిగెత్తుకొచ్చిన జనం మా రోడ్డు మీద కూలబడ్డారు. పసిపిల్లల్ని భుజాన వేసుకున్న తల్లులు, లుంగీలతో మగవాళ్లు, తాళ్లు తెంపుకుని వచ్చిన గేదెలు. ఎటు పోవాలో చెప్పే నాథుడు లేడు. మా ఎదురింటి కుర్రాళ్లే బళ్ల మీద ఎక్కించుకుని సింహాచలం వైపు తీసుకెళ్లారు. తర్వాత విచారణలు జరిగాయి, పరిహారాలు ఇచ్చారు. కానీ ఆ ఫ్యాక్టరీ గోడ పక్కదాకా ఇళ్లెలా వచ్చాయి, ఇళ్ల మధ్య ఉన్న ఫ్యాక్టరీలు నగరంలో ఇంకెన్ని ఉన్నాయి, వాటిని చూసేదెవరు అని కౌన్సిల్లో లేచి అడగాల్సిన సమయంలో కౌన్సిలే లేదు. ఇంత చూశాక కూడా కార్పొరేషన్ ఎన్నికను చిన్న ఎన్నిక అని నేననలేను. మా వాళ్లు చాలామంది అంటారు. ఎమ్మెల్యే ఓటుకి సొంతూళ్లకి బస్సు కట్టుకు వెళ్లే అపార్టుమెంట్లవాళ్లు కార్పొరేషన్ పోలింగ్ రోజు సెలవొచ్చిందని అరకు వెళ్తారు.

ఇక వార్డు అభ్యర్థుల సంగతి. 2021 ప్రచారం ఉక్కు ఫ్యాక్టరీ చుట్టూ తిరిగింది. ఆ జనవరి 27నే కేంద్ర మంత్రివర్గ సంఘం వంద శాతం వాటాల అమ్మకానికి ఓకే చెప్పింది. ఊరంతా కోపంతో ఉంది. విశాఖ ఉక్కు కోసం మాట్లాడటం తప్పు కాదు, మా తమ్ముడు అందులోనే పనిచేశాడు, ఆ ఫ్యాక్టరీ లేకపోతే మా కుటుంబంలో ఇద్దరి చదువులు సాగేవి కావు. కానీ దాన్ని అమ్మాలా వద్దా అన్నది తేల్చేది ఢిల్లీలో. వార్డు అభ్యర్థి చేతిలో ఉన్నదేమిటి? అదే సమయంలో నిజంగా వార్డు అభ్యర్థులు జవాబు చెప్పాల్సిన విషయం ఒకటి ఉంది. 2020 నవంబరులో చట్టం మార్చి ఇంటి పన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి విలువ మీద వేయాలని నిర్ణయించారు. పోలింగ్ అయిన నెలల్లోనే అది అమల్లోకొచ్చింది, ఏడాదికి 15 శాతం మించకుండా పెంచుకుంటూ పోవచ్చన్నారు. దాని వెనకే చెత్త పన్ను. ఇంటికి నెలకు 120 రూపాయలు, మురికివాడల్లో 60. దాన్ని ఆపడానికి 2024లో ప్రభుత్వం మారాల్సి వచ్చింది. మా గుమ్మంలోకి ఓటు కోసం వచ్చినవాళ్లను ఇంటి పన్ను గురించి అడిగితే ఒకాయన 'అది పైవాళ్లు చూసుకుంటారు మేడమ్' అన్నాడు. ఇంకొకాయన పింఛను రావట్లేదా అని ఎదురడిగాడు. పింఛను ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. కుళాయి, మురుగు, చెత్త, వీధి దీపం, ఇంటి పన్ను, ఇంటి ప్లాను, ఇవీ కార్పొరేషన్‌వి. వీటి గురించి నోరు విప్పకుండా ప్రచారం పూర్తి చేయగలుగుతున్నారంటే మనం అడగట్లేదన్నమాటే.

ఒక్కరు మాత్రం చెప్పారు. ఆవిడ పేరూ పార్టీ ఇక్కడ అనవసరం. మహిళలకు రిజర్వయిన వార్డు. ముందు ఆవిడ భర్త, వెనక ఆవిడ, వాళ్ల వెనక డప్పులు. మాట్లాడేదంతా ఆయనే. నేను ఆవిడ వైపు తిరిగి, 'అమ్మా, అభ్యర్థి మీరు కదా, మన వార్డుకి ముందుగా ఏం చేయాలనుకుంటున్నారు?' అని అడిగాను. ఆయన అందుకోబోతుంటే ఆవిడే చెయ్యి అడ్డం పెట్టి, 'కుళాయి తెల్లారగట్ల ఐదుకొచ్చి ఆరున్నరకి ఆగిపోద్ది మేడమ్. ఎత్తు మీదున్న ఇళ్లకి ఎక్కేసరికే టైమైపోద్ది. మోటార్లు బిగించుకున్నోళ్లు లాగేసుకుంటారు. ముందు పై వీధికి వేరే లైను వెయ్యాలి. నేను పుట్టింది ఆ వీధిలోనే' అంది. ఒక్క ముక్క తడుముకోలేదు. ఆవిడకు తెలిసినంత ఆయనకు తెలియదు. ఆవిడ ఓడిపోయింది. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలవి. ఇలాంటివాళ్లు కౌన్సిల్లో ఎంతమంది ఉన్నా నోరు విప్పనివ్వకపోతే ఏం లాభం? 'కార్పొరేటర్ గారి హస్బెండ్' అన్నది మన ఊళ్లో ఒక హోదా అయిపోయింది. ఫ్లెక్సీల మీద ఆయన ఫొటో ఆవిడ ఫొటో కంటే పెద్దదిగా ఉంటోంది. పత్రికలవాళ్లు కూడా ఆయన్నే ఫోన్లో అడిగి వార్త రాస్తున్నారు. కోపగించుకోకండి, మీ పత్రికలోనూ చూశాను.

మళ్లీ మేయర్ విషయానికొస్తాను. ముందే పేరు ప్రకటించడానికి పార్టీలు చెప్పే ఇబ్బందులు నాకు తెలియనివి కావు. ఒకరి పేరు చెబితే ఆ పదవి మీద ఆశపెట్టుకున్న మిగతావాళ్లు మనసు పెట్టి పనిచేయరట, డబ్బు తీయరట. పదిమందికి ఆశ చూపిస్తేనే పది వార్డుల్లో ఖర్చు నడుస్తుందని ఒక పార్టీ మనిషి మా ఇంట్లో కాఫీ తాగుతూ చెప్పాడు. అంటే ఓటరుకి పేరు దాచేది పార్టీ ఖర్చు గట్టెక్కడానికి! ఇంకో మాట, ప్రకటించిన మనిషి తన వార్డులోనే ఓడిపోతే ఎలా అని. ఓడిపోతే ఓడిపోయారు, రెండో పేరు కూడా చెప్పండి. ముఖ్యమంత్రి అభ్యర్థి విషయంలో ఈ భయం లేదే? అసెంబ్లీ ఎన్నికల్లో ప్రతి పార్టీ తన నాయకుడి బొమ్మతోనే ఓటడుగుతుంది. రాష్ట్రానికి పనికొచ్చిన పద్ధతి నగరానికి ఎందుకు పనికిరాదు?

మేయర్‌ని నేరుగా ఎన్నుకునే పద్ధతే మళ్లీ రావాలని నా కోరిక. మేయర్ ఒక పార్టీ, కౌన్సిల్లో మెజారిటీ ఇంకో పార్టీ అయితే ప్రతి ఫైలూ ఆగుతుందని దానికీ అభ్యంతరం చెప్పేవాళ్లున్నారు. అది కొట్టిపారేసే మాట కాదు, అలాంటి చిక్కులు వస్తాయి. దానికి చట్టం మారాలి, అసెంబ్లీ తలుచుకోవాలి, ఈ ఎన్నికలోపల అయ్యే పని కాదు. నేనడుగుతున్నదానికి చట్టంతో పని లేదు. నామినేషన్ల చివరి రోజులోగా ప్రతి పార్టీ, ప్రతి కూటమి తన మేయర్ అభ్యర్థి ఎవరో, డిప్యూటీ మేయర్ అభ్యర్థులు ఎవరో ప్రకటించాలి. కూటమి అయితే ఏ పదవి ఏ పార్టీదో కూడా చెప్పాలి. గెలిచాక ఆ పేరు మార్చాల్సొస్తే ఎందుకు మార్చారో బహిరంగంగా చెప్పాలి. కార్పొరేటర్‌గా పోటీ చేసే ప్రతి మనిషీ 'నేను గెలిస్తే మేయర్‌గా ఫలానావారికి ఓటేస్తాను, ఐదేళ్లూ ఈ పార్టీలోనే ఉంటాను' అని తన పాంప్లెట్ మీద అచ్చేయించాలి. ఇండిపెండెంట్లు ఎవరికి మద్దతిస్తారో వాళ్లూ చెప్పాలి. 2021లో నలుగురు ఇండిపెండెంట్లు గెలిచారు, వాళ్లకు ఓటేసినవాళ్లకీ ఈ విషయం తెలుసుకునే హక్కుంది. అచ్చేసిన మాట తప్పితే కోర్టు ఏమీ చేయలేకపోవచ్చు. కానీ ఆ కాగితం మా దగ్గర ఉంటుంది, మళ్లీ గుమ్మం ఎక్కినప్పుడు చూపిస్తాం.

ఈసారి ప్రచారంలో డేటా సెంటర్ (కంప్యూటర్ సర్వర్లు పెట్టే పెద్ద కేంద్రం) మాట గట్టిగా వినిపిస్తుంది, అనుమానం లేదు. 2025 అక్టోబరులో గూగుల్‌తో ఒప్పందం అయింది కాబట్టి మా వల్లే వచ్చిందని ఒకరు, దానివల్ల నష్టమని ఒకరు మైకుల్లో చెబుతారు. వార్డు అభ్యర్థిని అడగాల్సింది దాని పక్కన ఉన్న ప్రశ్న. విశాఖకి నీళ్లొచ్చేది ఏలేరు కాలువ నుంచి, రైవాడ, తాటిపూడి, మేఘాద్రి గెడ్డ లాంటి రిజర్వాయర్ల నుంచి. ఊరు పెరుగుతోంది, పరిశ్రమలు వస్తున్నాయి. ఎండాకాలంలో ఇళ్లకి ఎన్ని నీళ్లు, పరిశ్రమలకి ఎన్ని నీళ్లు అని కౌన్సిల్లో లెక్క అడుగుతారా? మేయర్ కాబోయే మనిషి దీనికి జవాబు చెప్పాలి. ఎవరో తెలియని మనిషిని ఏం అడుగుతాం?

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఎన్నికల వేళ జిల్లా పేజీలు నిండా పాదయాత్రల ఫొటోలే వేస్తున్నారు. ఎవరు ఏ గుళ్లో కొబ్బరికాయ కొట్టి ప్రచారం మొదలుపెట్టారో మాకు అవసరం లేదు. అభ్యర్థులు నామినేషన్‌తోపాటు ఆస్తులు, కేసులు, చదువు రాసి అఫిడవిట్ ఇస్తారు. అందులో ముఖ్యమైన నాలుగు ముక్కలు వార్డులవారీగా వేయండి. 2021లో గెలిచిన కార్పొరేటర్లు మళ్లీ నిలబడితే, ఆ ఐదేళ్లలో కౌన్సిల్ సమావేశాలకు ఎన్నిటికి వచ్చారు, ఎన్ని ప్రశ్నలు వేశారు అన్నది రికార్డుల్లో ఉంటుంది, ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద తీసుకుని అచ్చేయండి. ప్రతి పార్టీకి రోజూ ఒకే ప్రశ్న వేయండి, మీ మేయర్ అభ్యర్థి ఎవరని. జవాబు రాకపోతే రాలేదని మొదటి పేజీలో వేయండి. ఒక పెద్ద పత్రిక వారం రోజులు అలా అడిగితే చెప్పకుండా ఎంతకాలం ఉంటారో చూద్దాం.

మా వంతు మేం చేస్తాం. మా కాలనీ సంక్షేమ సంఘం హాలులో రెండువందల మంది పడతారు. నామినేషన్ల ఉపసంహరణ అయ్యాక వచ్చే మొదటి ఆదివారం సాయంత్రం మా వార్డు అభ్యర్థులందరినీ ఒకే వేదిక మీదకు పిలవాలని తీర్మానించాం. పార్టీ జెండాలు, డప్పులు లోపలికి రానివ్వం. అభ్యర్థులే మాట్లాడాలి, వాళ్ల తరఫున భర్తలూ అన్నదమ్ములూ కాదు. మొదటి ప్రశ్న మేయర్‌గా ఎవరికి ఓటేస్తారనే. తర్వాత నీళ్లు, ఇంటి పన్ను, గెడ్డ పూడికతీత. కుర్చీలు, మైకు, మంచినీళ్లు మేం చూసుకుంటాం. మీ విలేకరిని పంపండి. రానివాళ్ల కుర్చీ మీద పేరు రాసిన అట్ట పెట్టి వేదిక మీదే ఉంచుతాం, దాన్నీ ఫొటో తీసి వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు,
గోపాలపట్నం, విశాఖపట్నం.